అమ్మతో కలిసి కొచ్చిలో వంట క్లాసుకి వెళ్ళాను

"డబ్బిచ్చి వంట నేర్చుకోవడమేంటే? ఎవరైనా వింటే నవ్విపోతారు." 2025 ఫిబ్రవరి 7, శుక్రవారం, సికింద్రాబాద్‌లో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి సీటు కింద సంచులు సర్దుతూ అమ్మ అన్న మాట ఇది. నలభై ఏళ్ళుగా కాకినాడలో చేపల పులుసు పెడుతున్న మనిషి. ఆవిడ దృష్టిలో వంట పక్కింట్లో చూసి నేర్చుకోవాలి, లేదంటే అత్తగారు తిడితే నేర్చుకోవాలి. ఫీజు కట్టి నేర్చుకునేది టైపు, షార్ట్‌హ్యాండ్.

నిజానికి టూర్ అమ్మ కోసమే. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఏడాదిగా ఎక్కడికీ వెళ్ళలేదు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం, పది రోజులు సెలవు దొరికింది. ఫోర్ట్ కొచ్చిలో ఐదు రోజులుండి, వాటిలో ఒకరోజు వంట క్లాసుకి వెళ్ళాలని నేనే అనుకున్నాను. ఎందుకంటే కేరళ చేపల కూర నాకు చాలా ఇష్టం, ఇంట్లో ఎన్నిసార్లు చేసినా కొబ్బరిపాలు విరిగిపోయి పెరుగులో నీళ్ళు కలిసినట్టు తయారయ్యేది. వీడియోలు చూసి చూసి విసుగొచ్చింది.

క్లాసు దొరకడానికి ఎన్ని రోజులు పట్టిందో ముందు చెప్తాను. జనవరి 20న మేము దిగబోయే హోమ్‌స్టే ఆవిడని అడిగితే, వాళ్ళ వీధిలోనే ఒకావిడ ఇంట్లో నేర్పిస్తుందని నంబరిచ్చింది. మెసేజ్ పెట్టాను. నాలుగు రోజులు ఉలుకూ పలుకూ లేదు. ఐదో రోజు వాయిస్ మెసేజ్ వచ్చింది. కనీసం నలుగురుంటేనే పెడతాను, మీరిద్దరే కాబట్టి ఇంకో ఇద్దరు దొరికేదాకా ఆగాలి, దొరికితే మంగళవారం. మనిషికి 1,800 రూపాయలు. వండకుండా చూసి, తిని వెళ్ళేవాళ్ళకి 900. ఏ చేప అన్నది ఆ రోజు పొద్దున్న చెప్తాను. అడ్వాన్స్ వద్దు.

వండకుండా తినేవాళ్ళ లెక్కలో అమ్మని రాయించాను. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

మంగళవారం ఖాయమవుతుందో లేదో అన్న టెన్షన్‌లో నేనొక పొరపాటు చేశాను. ఎందుకైనా మంచిదని ఆదివారం సాయంత్రానికి ఒక హోటల్లో జరిగే క్లాసు కూడా బుక్ చేశాను, ఇద్దరికీ కలిపి 2,400. డబ్బు వెనక్కి ఇవ్వరు.

శనివారం మధ్యాహ్నం ఎర్నాకుళం నార్త్‌లో దిగి, ఆటోలో హైకోర్టు జెట్టీకి వెళ్ళి వాటర్ మెట్రో ఎక్కాం. ఫోర్ట్ కొచ్చికి ప్రభుత్వ బోటూ ఉంది, టికెట్టు పది రూపాయలు కూడా ఉండదు. కానీ మోకాలు నొప్పి ఉన్నవాళ్ళకి వాటర్ మెట్రోయే నయం. గట్టూ పడవా ఒకే ఎత్తులో ఉంటాయి, కాలు పైకెత్తి దాటక్కర్లేదు. అమ్మ ఏసీ పడవలో కూర్చుని "మన యానాం రేవులో ఇలాంటిది ఉంటే ఎంత బాగుండు" అంది.

ఆదివారం హోటల్ క్లాసు గురించి ఎక్కువ చెప్పను. పద్నాలుగు మందిమి ఒక బల్ల చుట్టూ నిలబడ్డాం. ఉల్లిపాయలు తరిగేసి ఉన్నాయి, కొబ్బరిపాలు డబ్బాలోంచి పోశారు. బుక్ చేసేటప్పుడు 'మీ చేతులతో మీరే వండుతారు' అని ఉంది. మా చేతులకి దక్కింది ఏమిటంటే, వరసగా ఒక్కొక్కరూ వచ్చి మూకుట్లో తలో నాలుగు కరివేపాకులు వేయడం. తర్వాత తెల్లటోపీ పెట్టి ఫొటో. కాగితం కప్పులో రెండు చెంచాల కూర, ఒక అప్పం ముక్క. అమ్మ అంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు. బయటికొచ్చాక "కరివేపాకుకి పన్నెండొందలు" అంది. ఈ ఐదు రోజుల్లో ఆ మాట కనీసం ఇరవై సార్లు విన్నాను. మీరు బుక్ చేసేముందు మూడు విషయాలు అడగండి: ఎంతమంది ఉంటారు, కొబ్బరి ఎవరు తురుముతారు, ఎన్ని పొయ్యిలు. ఒకే పొయ్యి అంటే అది క్లాసు కాదు, ప్రదర్శన.

సోమవారం రాత్రి ఎనిమిదింటికి మెసేజ్ వచ్చింది. జర్మనీ నుంచి వచ్చిన దంపతులు దొరికారు, రేపు తొమ్మిదిన్నరకి రండి, టిఫిన్ తినకండి.

మంగళవారం పొద్దున్న వెళ్ళాం. పెంకుటిల్లు, వెనక పొడవాటి వంటగది, గ్యాస్ పొయ్యిలు రెండు, పెరట్లో కట్టెల పొయ్యి ఒకటి. ఆవిడకి యాభై ఐదుంటాయి. అందరూ పిలిచినట్టే మేమూ చేచీ అన్నాం, అంటే అక్క. చేచీకి ఇంగ్లీషు బాగా వచ్చు, హిందీ కొంచెం, తెలుగు అస్సలు రాదు. అమ్మకి తెలుగు తప్ప ఇంకేదీ రాదు.

చేపలు అప్పటికే వచ్చేశాయి. వైపిన్ వైపు నుంచి రోజూ బుట్టతో వచ్చే ఆవిడ దగ్గర కొంటుందట. ఒడ్డున చీనా వలల పక్కన అమ్మే చేపలు మనలాంటి టూరిస్టుల కోసం, ఇంటికి అక్కడ కొనను అంది. రెండు రకాలున్నాయి. పెద్దది నెయ్‌మీన్, అంటే మన వంజరం. రెండోది చూపించి "చాల" అంది.

"చాలా ఏంటి? బానే ఉన్నాయిగా" అంది అమ్మ.

నేను కలగజేసుకుని, ఆ చేప పేరే చాల అని చెప్పాను. మన కవళ్ళు. ఉత్తర కేరళలో వీటినే మత్తి అంటారని చేచీ చెప్పింది. మలయాళంలో మతి అంటే చాలు. అమ్మకి ఇది అర్థం చేయించేసరికి నాకు చెమట పట్టింది. వింటున్న జర్మనీ ఆయన అదంతా పుస్తకంలో రాసుకున్నాడు.

మొదటి పని కొబ్బరి తురమడం. చిరవ అని ఒక పీట ఉంటుంది, మన కత్తిపీటకి కత్తి బదులు ముందు పళ్ళున్న కోరు ఉన్నట్టు. దాని మీద కూర్చుని చిప్పని రెండు చేతులతో తిప్పుతూ తురమాలి. నలుగురికి మూడు కాయలు. నాకు ఒక కాయకి పదిహేను నిమిషాలు పట్టింది, బొటనవేలు గీరుకుపోయింది. చేచీకి మూడు నిమిషాలు. పైగా నా తురుములో గోధుమరంగు పొట్టు వచ్చేసిందని పక్కన పెట్టేసింది. చిప్ప అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి రావాలట, పెంకు తగిలేదాకా గీకకూడదట. పొట్టు పడితే పాలు నల్లబడతాయి. నా తురుము క్యాబేజీ తోరన్‌లోకి, అంటే కొబ్బరి వేసి చేసే పొడి కూరలోకి పోయింది.

గోరువెచ్చటి నీళ్ళు అరకప్పు పోసి పిసికి గుడ్డలో పిండితే వచ్చేవి మొదటి పాలు, చిక్కగా మీగడలా ఉంటాయి. అదే పిప్పిలో ఇంకా నీళ్ళు పోసి పిండితే రెండో పాలు. ఇన్నేళ్ళూ నేను చేసిన తప్పు ఇక్కడే బయటపడింది. నేను పాలన్నీ ఒకే గిన్నెలో కలిపి, చేపతో పాటు మరిగించేదాన్ని. మీన్ మోయిలీలో, అంటే ఈ కొబ్బరిపాల చేపల కూరలో, చేప ఉడకాల్సింది పల్చటి రెండో పాలలో. చిక్కటి పాలు చివర్లో, మంట బాగా తగ్గించి పోయాలి. అంచు దగ్గర చిన్న చిన్న బుడగలు కనపడగానే దించేయాలి. మరిగిందంటే విరిగిందే. అందులో గరిటె కూడా పెట్టనివ్వలేదు. చట్టిని రెండు పక్కలా గుడ్డతో పట్టుకుని గుండ్రంగా ఆడించడమే. కిందపడుతుందేమోనని నాకు చేతులు వణికాయి.

వంజరం ముక్కలకి ముందుగా ఉప్పు, పసుపు, మిరియాల పొడి, నిమ్మరసం పట్టించి, పైపైన వేయించి పక్కన పెట్టాం. అల్లం, వెల్లుల్లి, ఉల్లిపాయ, చీల్చిన పచ్చిమిర్చి కొబ్బరినూనెలో మెత్తబడనివ్వాలి, ఎర్రబడనివ్వకూడదు. ఎండు కారం లేదు. అమ్మ కూర రంగు చూసి "బాలింతకి పెట్టే కూరలా ఉంది" అని నా చెవిలో అంది. తిన్నాక ఆ మాట వెనక్కి తీసుకుంది, నేను ఒప్పించాల్సి రాలేదు.

ఇక ఎర్ర కూర. అసలు గొడవంతా ఇక్కడే. కవళ్ళతో చేసే ఈ కూరలో చింతపండు వేయరు, కుడంపులి వేస్తారు. పొగబెట్టి ఎండబెట్టిన ఒక పండు తొనలు, నల్లగా, ముడతలు పడి, పొయ్యిలో మాడిన తోలులా ఉంటాయి. మలయాళంలో పులి అంటే పులుపు. అమ్మ ఒక ముక్క వాసన చూసి, కొరికి, మొహం ముడిచి, "దీనికంటే మన చింతపండుకి వచ్చిన లోటేంటో అడుగు" అంది. అడిగాను. చేచీ జవాబు: చింతపండు పులుసంతా కలిసిపోయి చిక్కబడుతుంది. ఇది అలా కాదు, పులుపు ఇచ్చి ముక్క ముక్కలాగే ఉంటుంది, చాలనుకున్నప్పుడు తీసి పారేయొచ్చు. పొగ వాసన కూడా వస్తుంది. కూర మర్నాటికి ఇంకా బాగుంటుంది. "మర్నాటికి బాగుండడం మా పులుసుకీ ఉంది" అంది అమ్మ. అనువాదం చేయకుండానే చేచీకి అర్థమైనట్టుంది, నవ్వింది.

ఇంతలో అమ్మ ఎప్పుడు లేచిందో చూడలేదు, చిన్న సాంబారు ఉల్లిపాయలు ఒలిచేస్తోంది. తర్వాత కవళ్ళు శుభ్రం చేసింది. పొలుసు గీకి, తల తీసి, పొట్ట తీసి, ఉప్పేసి రుద్ది కడిగింది. చేచీ కాసేపు ఆ చేతులనే చూసి, తన కత్తి కూడా అమ్మకే ఇచ్చేసింది. జర్మనీ ఆవిడకి అమ్మ కూడా టీచరే అనుకున్నట్టుంది, ఏది చేయాలన్నా అమ్మ వైపే చూసేది. 900 టికెట్టు మనిషి ఈవిడ!

చేచీ కారం నీళ్ళలో కలిపి ముద్ద చేసింది. పొడిగా వేస్తే మాడుతుందని. నూనెలో అల్లం, వెల్లుల్లి, సాంబారు ఉల్లి, కరివేపాకు వేగాక, ఆ కారం ముద్ద సన్నటి మంట మీద నూనె తేలేదాకా వేయించాలి. మాకిచ్చిన జిరాక్స్ కాగితంలో రెండు చెంచాల కారం అని ఉంది. చేచీ వేసింది చేత్తో, నాకు ఐదు చెంచాల పైనే అనిపించింది. అడిగితే, కాగితం విదేశాల వాళ్ళ కోసం రాసిందట. కాబట్టి కాగితాన్ని నమ్ముకోకండి. అడిగి వాళ్ళ చేతుల్ని వీడియో తీసుకోండి. మొహం పడకుండా తీస్తే చేచీ ఏమీ అనలేదు.

కుడంపులి నానబెట్టిన నీళ్ళతో సహా వేసింది. కూర మరీ చిక్కగా ఉందనిపించి, అటు తిరిగి తోరన్ చూస్తూనే చెయ్యి చాచి "కొరచ్చు వెళ్ళం" అంది. పాయసం కోసం తరిగిన బెల్లం పళ్ళెం అమ్మ పక్కనే ఉంది. అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఓ గుప్పెడు బెల్లం తీసి చేపల చట్టిలో వేసేసింది.

వెళ్ళం అంటే నీళ్ళు. బెల్లాన్ని వాళ్ళు శర్కర అంటారు.

చేచీ తిరిగి చూసి "అయ్యో" అంది. ఆ మాటకి మాత్రం అనువాదం అక్కర్లేకపోయింది. గబగబా గరిటె పెట్టి సగం బెల్లం తీసింది, మిగతా సగం కరిగిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. అమ్మ మాత్రం "పులుసులో కాస్త బెల్లం పడితే ఏమవుతుంది, ముక్కల పులుసులో వెయ్యమా?" అంది. చేచీ ఇంకో రెండు తొనల కుడంపులి వేసి, కొంచెం కారం కలిపి సరిచేసింది. తింటే నాకు తేడా తెలిసింది. జర్మనీ వాళ్ళు మాత్రం అదే ఎక్కువ తిన్నారు.

అప్పాల పిండి ముందు రోజు రాత్రి రుబ్బి ఉంచింది. ఎలా కలపాలో మరోసారి మాకు చేసి చూపించింది. పచ్చి బియ్యం నానబెట్టి, కొబ్బరి, కొంచెం అన్నంతో రుబ్బాలి. అందులో కప్పి కలపాలి, అంటే రవ్వతోనో బియ్యప్పిండితోనో కాచిన జావ. వెనకటికి పులియడానికి కల్లు పోసేవాళ్ళు, చేచీ చిటికెడు ఈస్ట్ వేస్తుంది. గుంట చట్టిలో పిండి పోసి ఒక్క చుట్టు తిప్పి మూత పెట్టాలి. ఒక్కటే చుట్టు. నేను రెండోది తిప్పబోతే నడుమ పిండి అంతా అంచుకి ఎక్కి మధ్యలో చిల్లి పడింది. మూడో అప్పం కుదిరింది. అమ్మది మొదటిదే కుదిరింది, దాని గురించి నేనేమీ చెప్పదలచుకోలేదు.

తినేసరికి ఒంటిగంటన్నర. అప్పం, మోయిలీ, ఎర్ర కూర, తోరన్, పెసరపప్పు పాయసం, దాంతో పాటు ఎర్రటి మట్ట బియ్యం అన్నం. టిఫిన్ తినొద్దని ఎందుకన్నారో నాకు పదకొండింటికే అర్థమైంది, ఆకలికి కళ్ళు తిరిగాయి. ఒక అరటిపండు తిని వెళ్ళండి. షుగర్ ఉన్నవాళ్ళయితే తప్పకుండా ఏదో ఒకటి తిని వెళ్ళాలి.

మట్ట అన్నం అమ్మకి మింగుడు పడలేదు. గింజ లావు, నమలాలి. అది చూసి చేచీ లోపల్నుంచి తాము రోజూ తినే తెల్లన్నం తెచ్చింది. "జయ, ఆంధ్రా అరి" అంది. అరి అంటే బియ్యం. గోదావరి జిల్లాల మిల్లుల్లో ఉప్పుడు బియ్యం పట్టి కేరళకి పంపుతారని మాకు తెలుసు, కానీ ఇలా ఎదురుపడుతుందనుకోలేదు. అమ్మ లేచి స్టోర్‌రూమ్‌లోకి వెళ్ళి బస్తా చూసింది. దాని మీద తెలుగు అక్షరాలు. మిల్లు పేరు గట్టిగా చదివి, ఊరి పేరు చదివి, "ఒసే, మన పక్క ఊరే!" అంది. అక్కణ్ణుంచి అమ్మ మాట తీరు మారిపోయింది. తమ పొలం గురించీ, సార్వా దాళ్వా పంటల గురించీ తెలుగులో చేచీకి చెప్పడం మొదలుపెట్టింది. చేచీ మలయాళంలో ధరల గురించి ఏదో చెప్పింది. అరగంట సాగింది. నన్ను ఒక్క ముక్క కూడా తర్జుమా చేయనివ్వలేదు. మా ఇంట్లో ఎవరూ ఆ ఉప్పుడు బియ్యం తినరు, ఆ మాట మాత్రం అమ్మ చెప్పినట్టు లేదు.

లెక్క చూస్తే చేచీ 2,700 తీసుకుంది. అమ్మ పని చేసింది కదా, తగ్గిస్తుందేమో అనుకున్నాను. తగ్గించలేదు, నేనూ అడగలేదు. మిగిలిన కూర సీసాలో పోసిచ్చింది, పక్కరోజు హోమ్‌స్టేలో తిన్నాం. నిజమే, మర్నాటికి ఇంకా బాగుంది.

తిరుగు ప్రయాణానికి ముందు మట్టాంచేరిలో పావుకిలో కుడంపులి, 250 రూపాయలకి ఒక మట్టి చట్టి కొన్నాను. చట్టిని అమ్మ చీరలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. కొత్త చట్టి నేరుగా పొయ్యి మీద పెట్టకూడదని చేచీ ఒకటికి రెండుసార్లు చెప్పింది. రోజూ గంజి మార్చి పోస్తూ ఐదారు రోజులు నానబెట్టాలి, తర్వాత కొబ్బరినూనె రాసి సన్నటి మంట మీద కాచాలి. నాకు ఓపిక చాల్లేదు, మూడు రోజులకే పెట్టేశాను. ఫిబ్రవరి 23, ఆదివారం, రామ్‌నగర్ మార్కెట్ నుంచి వంజరం తెచ్చి మోయిలీ చేశాను. చట్టికి అంచు దగ్గర సన్నటి చీలిక వచ్చింది. కూర కారలేదు, ఇంకా వాడుతున్నాను.

పాలు మాత్రం విరగలేదు. ఫొటో తీసి చేచీకి పంపాను. మంట ఎక్కువైంది, ఉల్లిపాయ ఎర్రబడింది చూడు అని తిరుగు మెసేజ్ వచ్చింది.

కాకినాడ వెళ్ళాక అమ్మకి సగం కుడంపులి ఇచ్చాను. వారం తర్వాత ఫోన్ చేసి, కవళ్ళ పులుసులో రెండు తొనలు వేశానంది. ఎలా ఉంది అంటే, "చింతపండు కూడా వేశాలే" అంది.